అగ్నిపర్వతపు నేల మీద మ్యూజియం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్కిటెక్చర్ విద్యార్థులు, పర్యాటక ప్రాజెక్టుల్లో పనిచేసే ఇంజనీర్లు, క్యూరేటర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలు చాలావరకు అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్ (పోర్చుగల్ దీవులు), ఐస్‌లాండ్, కెనరీ దీవుల (స్పెయిన్) నుంచి తీసుకున్నాం. గోదావరి జిల్లాల ప్రస్తావన చివర్లో ఉంది.

ప్లాన్ గీయకముందు తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఏమిటి?

వచ్చినవాళ్లు బయట దేన్ని చూడాలి అన్నది. లోపల ఏం పెట్టాలో తర్వాత చూసుకోవచ్చు. ఇలాంటి చోట అసలైన ప్రదర్శన గోడల బయటే ఉంటుంది. దాన్ని చూడ్డానికి కళ్లను సిద్ధం చేయడమే భవనం పని.

రెండు మ్యూజియాలను పక్కపక్కన పెట్టి చూడండి. అజోర్స్‌లోని ఫయాల్ దీవి పడమటి కొసన ఉన్న కాపెలిన్యోస్ కేంద్రంలో చూడాల్సింది కొత్తగా పుట్టిన నేల. అందుకే భవనం భూమిలోకి దిగిపోయింది. ఐస్‌లాండ్‌లోని హేమయ్ దీవిలో 2014లో తెరిచిన ఎల్ద్‌హైమర్‌లో చూడాల్సింది బూడిదలో కూరుకుపోయిన ఒక మామూలు ఇల్లు. 1973 జనవరి 23 తెల్లవారుజామున ఊరి పక్కనే నేల చీలి లావా చిమ్మింది. అయిదు వేల మందికి పైగా జనం ఆ రాత్రే పడవలెక్కి వెళ్లిపోయారు. తవ్వి తీసిన ఇంటిని నడిమధ్య ఉంచి దాని చుట్టూ మ్యూజియం కట్టారు. రెండూ విస్ఫోటనం గురించినవే అయినా భవనాలకు పోలికే లేదు. చూడాల్సింది వేరైనప్పుడు కట్టడం కూడా వేరవుతుంది.

అగ్నిపర్వతం ఆకారంలోనే భవనం కడితే బాగుంటుంది కదా?

చాలావరకు బాగుండదు. పక్కన నిజమైన కొండ ఉండగా దాని నకలు పెడితే నకలే వెలవెలబోతుంది. ఫ్రాన్స్‌లోని ఒవెర్న్యలో 2002లో తెరిచిన అగ్నిపర్వతాల పార్కు వుల్కానియాకు ఆర్కిటెక్ట్ హాన్స్ హోలైన్ 28 మీటర్ల ఎత్తున్న శంకువు పెట్టారు. అది నప్పడానికి కారణముంది: కట్టడంలో ఎక్కువ భాగం నేల కిందే ఉంది, శంకువు లోపలికి దిగే దారికి గుర్తుగా నిలిచింది. అలాంటి పని ఏదీ లేకుండా ఊరికే శంకువు కట్టి, లోపల ఎర్ర బల్బులు వెలిగిస్తే మిగిలేది ఎగ్జిబిషన్ సెట్టింగే.

కాపెలిన్యోస్‌ను అందరూ ఎందుకు ఉదహరిస్తారు? అందులో నేర్చుకోవాల్సింది ఏమిటి?

1957 సెప్టెంబరు 27న ఒడ్డుకు కొద్ది దూరంలో సముద్రం అడుగున మొదలైన విస్ఫోటనం 1958 అక్టోబరు దాకా, పదమూడు నెలలు సాగింది. దీవికి సుమారు 2.4 చదరపు కిలోమీటర్ల కొత్త నేల అతుక్కుంది. అది వదులు బూడిద కాబట్టి అలలు అప్పటినుంచీ దాన్ని తింటూనే ఉన్నాయి, ఇప్పటికి చాలా భాగం పోయింది. ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ ఆవరణ మొదటి అంతస్తు దాకా బూడిదలో మునిగింది. ఇళ్లూ పొలాలూ పోయిన వేలాది మంది ఆ తర్వాత అమెరికాకు వలస వెళ్లారు.

2008లో కేంద్రం తెరిచేనాటికి ఆర్కిటెక్ట్ నూనో రిబైరో లోపెజ్ తీసుకున్న ముఖ్య నిర్ణయం పైకి ఏమీ కట్టకపోవడం. బూడిదలో కూరుకున్న లైట్‌హౌస్‌ను అలాగే నిలబెట్టి, గ్యాలరీలన్నీ నేల కిందికి దించారు. గుండ్రటి ప్రవేశ హాల్లో నడిమధ్య ఒకే ఒక లావుపాటి కాంక్రీటు స్తంభం పైకి వెళ్లేకొద్దీ గొడుగులా విచ్చుకుని కప్పును మోస్తుంది. గ్యాలరీలు చూశాక లైట్‌హౌస్ మెట్లెక్కి పైకి వెళ్లవచ్చు. అక్కడి నుంచి కొత్త నేల, పాత నేల, వాటి మధ్య అతుకు ఒకేసారి కనిపిస్తాయి.

నేర్చుకోవాల్సింది ఈ వరుసనే. ముందు చీకటి, వివరం. ఆ తర్వాత వెలుగు, దృశ్యం. చాలా డిజైన్లలో ప్రవేశ ద్వారం దగ్గరే పెద్ద గాజు పెట్టి కొండను చూపించేస్తారు. జనం అక్కడే సెల్ఫీ దిగి, లోపలి గదుల్ని పరుగున దాటేస్తారు. ప్రధాన దృశ్యాన్ని దారి చివరి మూడో వంతు దాకా దాచి ఉంచండి.

భూగర్భంలో కడితే ఖర్చు ఎందుకంత పెరుగుతుంది?

మూడు లెక్కలు వేసి చూడండి.

తవ్విన మట్టి: 2,000 చదరపు మీటర్ల భవనాన్ని 6 మీటర్ల లోతుకు దించితే 12,000 ఘనపు మీటర్లు తవ్వాలి. తవ్వాక పావు వంతు ఉబ్బి 15,000 అవుతుంది. పది ఘనపు మీటర్ల టిప్పర్లతో 1,500 ట్రిప్పులు. అదంతా ఎక్కడ పోస్తారో ముందే తేలకపోతే, పక్క లోయలో కొత్త గుట్ట లేచి మీరు కాపాడాలనుకున్న దృశ్యాన్నే పాడుచేస్తుంది.

కప్పు మీద బరువు: పైన 60 సెంటీమీటర్ల బూడిద పరిచి నేలలా చూపిస్తే, తడిసినప్పుడు చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను. మామూలు డాబాకు మనం లెక్కించే లైవ్ లోడ్ (మనుషులు, సామాను బరువు) చదరపు మీటరుకు 150 కిలోలు.

నీరు: వదులు బూడిద జల్లెడలాంటిది, వాన నేరుగా గోడ దాకా దిగుతుంది. దానిలోని సన్నని పొడి కొట్టుకొచ్చి డ్రైన్ పైపు రంధ్రాలను మూసేస్తుంది. పైపు చుట్టూ కంకర, కంకర చుట్టూ జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి పొడిని ఆపే గుడ్డ) తప్పనిసరి. పైపు మలుపు తిరిగే ప్రతిచోటా కడగడానికి చాంబర్ వదలండి. ఇలాంటి భవనాల్లో లీకేజీకి మెంబ్రేన్‌ను (గోడకు అంటించే నీరు చొరని పొరను) తిడతారు కానీ, చాలాసార్లు తప్పు పూడిపోయిన డ్రైన్‌ది.

భూపరీక్ష మామూలుగా చేయించుకుంటే చాలదా?

చాలదు. లావా నేల పైకి గట్టిగా కనిపించి మోసం చేస్తుంది. ప్రవహించే లావా పైపొర గడ్డకట్టాక లోపలి ద్రవం ముందుకు జారిపోతే ఖాళీ సొరంగం మిగులుతుంది. బోరు రెండు మీటర్లు రాయిలో దిగి ఆగిపోతే, ఆ కింద అర మీటరులో గుహ ఉన్నా తెలియదు. గట్టి రాయి తగిలిందని బోరు ఆపేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

ముందు నేల లోపలికి తరంగాలు పంపే గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌తో, వీలైతే గురుత్వాకర్షణలోని సూక్ష్మ తేడాలను కొలిచే మైక్రోగ్రావిటీ సర్వేతో ఖాళీలున్న చోట్లు గుర్తించండి. తర్వాత ప్రతి ప్రధాన స్తంభం కిందా కనీసం ఒక బోరు వేయించండి. రాతి కోర్ (బోరులోంచి కడ్డీలా బయటికి తీసే రాయి) ఎంత వచ్చిందో శాతంలో రాయించండి. డ్రిల్లింగ్ నీరు ఎక్కడ హఠాత్తుగా మాయమైందో ఆ లోతు కూడా రిజిస్టరులోకి ఎక్కాలి. ఖాళీ ఉందని చెప్పే మొదటి గుర్తు అదే.

రెండు లావా పొరల మధ్య ఎర్రటి మట్టి పొర తగిలితే జాగ్రత్త. రెండు ప్రవాహాల మధ్య విరామంలో కింది ప్రవాహపు పైభాగం శిథిలమై ఏర్పడిన పొర అది. తడిస్తే మెత్తబడి, వాలు మీద పై రాయిని జారనిస్తుంది.

నేల ఇంకా వేడిగా ఉంటే?

అర మీటరు, ఒక మీటరు లోతుల్లో ఏడాదిపాటు ఉష్ణోగ్రత కొలవండి. మామూలు పీవీసీ పైపు 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, సీలెంట్లు ఇంకా ముందే చెడిపోతాయి. 1730 నుంచి 1736 దాకా లావా పొంగిన కెనరీల్లోని లాంజరోటే దీవిలో, తిమాన్‌ఫాయా కొండల మీద ఆ దీవి కళాకారుడు సెసార్ మన్రికే రూపొందించిన రెస్టారెంటు రాయి, ఇనుము, గాజుతోనే నిలబడింది. అక్కడ వంట కూడా నేలలోంచి వచ్చే వేడి మీదే చేస్తారు.

బూడిద పడే ప్రాంతంలో పైకప్పు ఎలా ఉండాలి?

తడి బూడిద ఘనపు మీటరుకు ఒకటి నుంచి రెండు టన్నులు తూగుతుంది. పది సెంటీమీటర్లు పడితే చదరపు మీటరుకు 100 నుంచి 200 కిలోలు. మనుషులు ఎక్కని రేకుల కప్పుకు సాధారణంగా లెక్కించేది 75 కిలోలే. వాన వచ్చిన రాత్రి కప్పులు కూలడానికి ఇదే కారణం.

వాలు నిటారుగా ఉండాలి. రెండు వాలులు కలిసే పల్లాలు, దాగిన గట్టర్లు వద్దు. పిట్టగోడ ఉంటే బూడిద తోసేయడానికి వెడల్పాటి ఖాళీలు వదలండి. శుభ్రం చేసేవాళ్లు నడవడానికి దారి, బెల్టు తగిలించే కొక్కేలు డ్రాయింగులోనే చూపించండి. ఒక హెచ్చరిక: బూడిదను హోస్ పైపుతో కడిగితే అది తూముల్లోకి దిగి సిమెంటులా బిగుస్తుంది. కొద్దిగా నీళ్లు చిలకరించి పారతో ఎత్తాలి. బూడిద రాలుతున్నంతసేపూ ఏసీలోకి బయటి గాలి వచ్చే తలుపులు (డంపర్లు) మూసి ఉండాలి. తడి బూడిద కరెంటు పారనిస్తుంది కాబట్టి జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్లకు పైకప్పు కావాలి.

గోడలకు స్థానిక రాయే వాడాలా?

వాడితే మంచిది, కానీ ఏ రాయి అన్నది చూసుకోండి. గట్టి బసాల్ట్ (లావా గడ్డకట్టి ఏర్పడే నల్లరాయి) ఘనపు మీటరుకు 2.7 నుంచి 3 టన్నులు ఉంటుంది, నీటిని పెద్దగా పీల్చదు. బుడగలున్న లావా రాయి తేలిక, కానీ బుడగల్లో నీరు నిలిచి నాచు పడుతుంది. చలి దేశాల్లో ఆ నీరే గడ్డకట్టి రాయిని పగలగొడుతుంది. మొదటి రకం నేల మట్టం దగ్గర, రెండోది పైన, వాన నేరుగా తగలని చోట వాడండి.

పాలిష్ చేసిన నల్లరాయిని నడకదారిలో వేయకండి. తడిస్తే కాలు జారుతుంది. సుత్తి గాట్లు పెట్టినది లేదా మంటతో గరుకు చేసినది వేయండి. నల్లరాయి మీద ఇంకో తంటా సున్నపు చారలు. మోర్టారులోంచి కరిగి వచ్చిన సున్నం తెల్లగా కారి నల్ల గోడ మీద ఏళ్ల తరబడి కనిపిస్తుంది. గోడ నెత్తిన వాలున్న రాతి పలక, దాని కింద నీరు తెగిపడే గాడి పెడితే సగం బాధ తీరుతుంది.

మన దగ్గర కొందరు లావా థీమ్ అనగానే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేస్తారు. అది గాబ్రో, భూమి లోతుల్లోనే నెమ్మదిగా చల్లారిన శిలాద్రవం. బయటికి ఎన్నడూ పారలేదు. రాయి అందమైనదే, కానీ లావా కథ చెప్పే గోడకు అది అబద్ధపు సాక్షి.

అక్కడి బూడిదనే కాంక్రీటులో కలపవచ్చా?

సన్నగా నూరి సిమెంటులో కొంత భాగానికి బదులుగా వాడవచ్చు. ఇటలీలోని పొజ్జువోలి బూడిదతో రోమన్లు రేవుగోడలు కట్టారు, పొజ్జోలానా అన్న మాట ఆ ఊరి పేరు మీద వచ్చిందే. చిక్కు వచ్చేది నూరకుండా ఇసుకలా, కంకరలా వాడినప్పుడు. గాజులాంటి లావా ముక్కల్లోని సిలికా సిమెంటు క్షారంతో కలిసి జెల్‌గా మారి, తేమ పీల్చి ఉబ్బుతుంది. కొన్నేళ్లకు కాంక్రీటు మీద పటంలా పగుళ్లు తేలతాయి. మోర్టార్ బార్ పరీక్షలో (ఆ కంకరతో చేసిన మోర్టారు కడ్డీ ఎంత ఉబ్బుతుందో కొలిచేది) 14 రోజులకు వ్యాకోచం 0.10 శాతం లోపుంటే సరే, 0.20 దాటితే ఆ కంకర వద్దు. మధ్యలో ఉంటే ఇంకా దీర్ఘకాల పరీక్ష చేయించాలి. సముద్రం ఒడ్డున ఏరిన బూడిదలో ఉప్పు ఉంటుంది, అది కమ్మీలను తినేస్తుంది.

విషవాయువుల గురించి ఎంత జాగ్రత్త అవసరం?

వాయువులు వెలువడే చోట బేస్‌మెంట్ పెడుతుంటే చాలా. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, వాసన ఉండదు, గుంటల్లో నీళ్లలా నిలుస్తుంది. అందుకే సెన్సర్‌ను మనిషి ముఖం ఎత్తున కాక, నేల నుంచి 30–45 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టాలి. గాలిని లాగే గ్రిల్లు కూడా కిందనే ఉండాలి. ఎనిమిది గంటల పనికి 5,000 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఇన్ని భాగాలు) హద్దు, 40,000 అంటే ప్రాణాపాయం.

కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన తెలియడమే మానేస్తుంది. వాసన పోయింది కదా అని లోపలికి వెళ్లకూడదు. అదే వాయువు రాగి తీగల్ని, ఏసీ కాయిళ్లను, షోకేసులోని వెండిని నల్లబరుస్తుంది.

కొండవైపు పెద్ద గాజు కిటికీ పెడితే లోపలి దీపాలే అద్దంలో కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

మామూలు గాజు సుమారు 8 శాతం వెలుగును తిప్పికొడుతుంది. గది వెలుగు తగ్గించండి, కిటికీ ఎదుటి గోడకు ముదురు రంగు వేయండి, దీపాలను కిటికీ వైపు తిప్పకండి. ఆ తర్వాతే యాంటీ రిఫ్లెక్టివ్ గాజు ఖర్చు గురించి ఆలోచించండి. బూడిద గాలి వీచే చోట గాజును పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీటితో కడగాలి.

ఆకాశరేఖను భవనం చెడగొడుతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

నాలుగు మూలలా అనుకున్న ఎత్తుకు వెదురు గడలు పాతి, పైన రంగు గుడ్డ కట్టండి. రోడ్డు మలుపు, ఊరి చివర, కొండ మీద, ఇలా అయిదారు చోట్ల నుంచి ఫోటోలు తీయండి. త్రీడీ బొమ్మలో నచ్చిన ఎత్తు గడలతో చూస్తే చాలాసార్లు నచ్చదు.

బయట నడకదారులు ఎలా వేయాలి?

కాలు నేలకు తగలకుండా. గరుకు లావా మీద మొదట పెరిగే లైకెన్, నాచు ఒక్కసారి తొక్కితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఉక్కు జాలీ దారిని రాతి నుంచి కొంత ఎత్తులో, తక్కువ బోల్టులతో బిగించండి. వెలుగూ వానా కిందికి దిగాలి. సముద్రం దగ్గరైతే 316 గ్రేడు స్టెయిన్‌లెస్.

చిన్న తప్పు ఎంత దూరం పోతుందో చెప్పడానికి లాంజరోటేలోని హమెయోస్ దెల్ అగువా గుహ చాలు. లావా సొరంగంలోని ఉప్పునీటి మడుగును మన్రికే ఎంతో నేర్పుగా సందర్శనకు తెరిచారు. ఆ మడుగులో చూపు లేని చిన్న తెల్ల పీతలు బతుకుతాయి. జనం అదృష్టం కోసం వేసే నాణేల లోహం కరిగి వాటికి విషమవుతుంది. అందుకే నీటి పక్కన దారి వేసేటప్పుడు నాణెం విసిరినా చేరనంత దూరం పాటించడమో, నిఘా పెట్టడమో డిజైన్‌లోనే ఉండాలి.

పూడిపోయిన ఇంటిని తవ్వి ప్రదర్శించేటప్పుడు గోడలు ఎందుకు కూలతాయి?

ఒకవైపే తవ్వడం వల్ల. 2.5 మీటర్ల ఎత్తున బూడిద గోడను మీటరు పొడవుకు సుమారు ఒకటిన్నర టన్ను బలంతో తోస్తుంది. రెండువైపులా ఉన్నంతకాలం సమానం, ఒకవైపు తీసేస్తే గోడ అటు పడుతుంది. లోపలా బయటా అర మీటరు చొప్పున సమంగా దిగుతూ, వెంటవెంటనే ఆనింపులు పెట్టాలి. కొంత బూడిదను కావాలనే వదిలేయండి. అంతా ఊడ్చేస్తే మిగిలేది పాత ఇల్లే.

షోకేసుల్లో ఏ నమూనాలు త్వరగా పాడవుతాయి?

రాయి కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. గంధకం స్ఫటికం చేతి వేడికే చిట్లుతుంది. ఎర్రటి రియాల్గర్ ఖనిజం వెలుగులో పసుపు పొడిగా మారిపోతుంది. దక్కన్ బసాల్ట్ బుడగల్లో దొరికే లామాంటైట్ ఖనిజం పొడి గాలిలో నీటిని కోల్పోయి రాలిపోతుంది. ఈ మూడింటికీ వేర్వేరు కేసులు కావాలి. ఉత్త బసాల్ట్ ముక్కను మాత్రం తెరిచి పెట్టి ముట్టుకోనివ్వండి. గట్టి బసాల్ట్, బుడగల రాయి, ప్యూమిస్ (నీటిలో తేలేంత తేలికైన నురుగు రాయి) ఒకే సైజులో కోసి చేతికిస్తే, బరువులోని తేడా ఏ బోర్డూ చెప్పలేనంత బాగా చెబుతుంది. పాత ఉత్తరాలు, బట్టలు ఉంటే వాటి మీద పడే వెలుగు 50 లక్స్ (వెలుగు కొలత) మించకూడదు.

బిలం అంచునే కడితే దృశ్యం అద్భుతం కదా?

హవాయిలోని కిలవేయా బిలం అంచున జాగర్ మ్యూజియం ఉండేది. 2018లో శిఖరం కుంగుతూ వరుస భూకంపాలు రావడంతో అది మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. అంచున చూసే తిన్నె పెట్టండి, మ్యూజియం వెనక్కి జరపండి.

తెలుగు నేల మీద అగ్నిపర్వతాలు లేవు. ఇదంతా మనకెందుకు?

అగ్నిపర్వతం లేదు, లావా ఉంది. రాజమహేంద్రవరం పక్కన కాతేరు, గోదావరికి ఆవల పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లో కనిపించే నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా. పడమటి కనుమల వైపు పొంగిన దక్కన్ లావా వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని చాలామంది భూవిజ్ఞానుల అభిప్రాయం. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో వీటిని లెక్కిస్తారు. లావా పొరల మధ్య సున్నపురాయి, అందులో శిలాజాలు ఉన్నాయి. అది క్రషర్‌లోకి వెళ్లి రోడ్డు కంకర అవుతోంది.

పని ఆగిన క్వారీయే ఇక్కడ సరైన స్థలం. గోడ ఇప్పటికే కోసి ఉంది, పొరలు కనిపిస్తున్నాయి, కొత్తగా తవ్వాల్సింది తక్కువ. కానీ బ్లాస్టింగ్‌తో ముఖం లోపలిదాకా బీటలు వారి ఉంటుంది. వేలాడే రాళ్లు ముందు దించాలి, అవసరమైన చోట రాక్ బోల్టులు, అడుగున రాళ్లు పడే కందకం, దాని ఇవతలే నడకదారి. పొరలు కప్పేసేలా షాట్‌క్రీట్ (గొట్టంతో చిమ్మే కాంక్రీటు) కొడితే చూపించడానికి ఇక ఏమీ మిగలదు. వేసవి మధ్యాహ్నం నల్లరాయి పెనంలా కాలుతుంది, క్వారీ గుంటలో గాలీ ఆడదు. బయటి దారి ఉదయం పది లోపు నీడలో పడేలా, అంటే తూర్పు గోడ వెంబడి, వేయండి.

వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కడితే?

అక్కడ దక్కన్ లావా మీద నల్లరేగడి ఉంటుంది. బసాల్ట్ శిథిలమై పుట్టిన ఈ మట్టి వానకు ఉబ్బి, ఎండకు నెరలిస్తుంది. తేలికైన ఒక అంతస్తు గ్యాలరీ గోడలే ముందు పగులుతాయి, ఎందుకంటే మట్టి ఉబ్బును అణచేంత బరువు వాటికి ఉండదు. కనీసం 3.5 మీటర్ల అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేసి, వాటిని కలిపే గ్రేడ్ బీము కింద ఖాళీ వదలండి. ఫ్లోరింగ్ కింద ఉబ్బని మొరం పొర, భవనం చుట్టూ వెడల్పాటి ఆప్రాన్ (నీరు గోడ దగ్గర ఇంకకుండా వేసే గచ్చు) ఉండాలి. గోడ పక్కన లాన్ పెంచి రోజూ నీళ్లు పెట్టడం మానుకోండి. పునాది తీసేటప్పుడు దొరికిన నెరల మట్టి గోడను ఒకచోట గాజు వెనక అలాగే ఉంచండి: కింద బసాల్ట్, పైన మొరం, ఆపైన నల్లరేగడి, ఆ రేగడిలోకి దిగిన పత్తి వేరు.